గొంతు మారిన ఏడు

ఆ ఏడు ఎండలు ముదరకముందే మా అన్న బిడ్డ మాట్లాడటం మానేసింది.

మొదట్లో ఎవరూ గమనించలేదు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్నాయి, చదువు ధ్యాసలో ఉందనుకున్నారు. అడిగినదానికి తల ఊపడం, తప్పదనుకుంటే గుసగుసగా ఒక ముక్క చెప్పి పక్కకు తప్పుకోవడం. నంద్యాలలో మా అన్నకు విత్తనాలు, పురుగుమందులు అమ్మే అంగడి ఉంది. అంతకుముందు సెలవులొస్తే బిడ్డ గల్లాపెట్టె పక్కన కూర్చుని ఫోన్లు ఎత్తేది. శిరివెళ్ల నుంచో ఉయ్యాలవాడ నుంచో రైతులు ఫోన్ చేసి, "ఏమ్మా, మీ నాయన ఉండాడా?" అని అడిగేవాళ్లు. గొంతు విని ఆడపిల్ల అనుకునేవాళ్లు. అన్న నవ్వుతూ ఫోన్ అందుకుని, "ఆడపిల్ల కాదప్పా, మావోడే" అనేవాడు. ఆ 'అమ్మా' అన్న పిలుపు విన్నప్పుడు మాత్రం బిడ్డ ముఖం వెలిగిపోయేది. నేను చూశాను. చిన్నపిల్లల ముచ్చట అనుకున్నాను.

మా వైపు కొడుకైనా కూతురైనా బిడ్డే. బిడ్డ వచ్చింది, బిడ్డ తినింది, బిడ్డ ఏడ్చింది అంటే ఎవరూ తప్పు పట్టరు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో మగబిడ్డ అన్నారు. ఊహ తెలిశాక తను ఆడపిల్లనని తనే చెప్పింది. ఇల్లంతా ఆ రెండు మాటల మధ్య నలిగిపోయిన రోజుల్లో నాకు నోరు తిరిగిన మాట అదొక్కటే. ఇక్కడ కూడా అదే వాడుతున్నాను.

నేను ఆళ్లగడ్డలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. మా ఆయన బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. మా అమ్మాయి తిరుపతిలో చదువుకుంటోంది. పరీక్షలైపోగానే వదిన బిడ్డను నా దగ్గరికి పంపింది. "నోరు తెరవదు, కడుపునిండా తినదు. అహోబిలం పోయి మొక్కుకోనొస్తి. నీ కాడ నాలుగు దినాలుంటే మనసు మళ్లుతాదేమో చూడు మే" అని ఫోన్‌లో చెప్పింది.

వచ్చిన మర్నాడే ఇంట్లో తేడా కనిపించింది. వాష్‌బేసిన్ పైనున్న అద్దం మీద తువ్వాలు కప్పి ఉంది. తీసి ఆరేశాను. సాయంత్రానికి మళ్లీ కప్పి ఉంది. బీరువా అద్దానికి మా అమ్మాయి పాత చున్నీ వేలాడుతోంది. బిడ్డ స్నానానికి వెళ్తే బాత్రూంలో లైటు వేసుకోదు. నాకు భయం వేసింది. నర్సుగా ఎంతమందిని చూసినా, ఇంట్లో ఒక మనిషి తన ఒంటిని చూసుకోవడానికి జంకుతోందంటే ఏమనుకోవాలో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను వంటింటి గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. బిడ్డ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అత్తా, నువ్వు నర్సువు కదా. దీన్ని ఆపే మందు ఉండాదా?"

"దేన్ని?"

గొంతు మీద వేలు పెట్టుకుంది. నేను ఆ మాట విన్నది అప్పుడే. సగం సన్నగా, సగం బొంగురుగా, మధ్యలో విరిగిపోయిన గొంతు. తోటి పిల్లలకంటే కాస్త ఆలస్యంగా మొదలైన మార్పు. తన మాట తన చెవిన పడగానే బిడ్డ అరచేత్తో నోరు మూసుకుంది. అప్పుడర్థమైంది, ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదో.

"నేను ఆడపిల్లని అత్తా. చిన్నప్పట్నుంచీ ఆడపిల్లనే. ఇప్పుడు ఒళ్లు నా మాట ఇనకుండా మగోళ్ల మాదిరి అయిపోతాండాది. దినామూ పొద్దున లేస్తే ఇంగొంచెం అయింటాది. ఎవురికి చెప్పల్ల?"

ఏడవలేదు. మంట అంటుకున్న ఇంట్లోంచి ఎవరైనా పిలిచినట్టు, ఆదుర్దాగా చెప్పింది. చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. నాకు మొదట జాలి కలగలేదు. భయమే కలిగింది. ఎందుకంటే నాకు ఇంకో బిడ్డ గుర్తొచ్చింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మనిషిని ఆటోలో తీసుకొచ్చి మా వరండాలో దింపి, తెచ్చినవాళ్లు కనిపించకుండా పోయారు. పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయేమో, ఇంకా తక్కువేనేమో కూడా. చీర కట్టుకుని ఉంది. మగ ఒంటిని ఆడ ఒంటిగా మారుస్తానని చదువులేనివాడెవడో ఎక్కడో ఒక గదిలో కోసి, కట్టుకట్టి పంపేశాడు. కట్టు నిలవలేదు. డాక్టరు కర్నూలుకు రాసి అంబులెన్సు ఎక్కించాడు. ఎక్కేముందు ఆ మనిషి నా మణికట్టు పట్టుకుని, "ఇంటికి చెప్పొద్దక్కా" అంది. ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పలేదు. బిడ్డ తన గొంతు మీద వేలు పెట్టుకున్నప్పుడు నాకు ఆ చెయ్యే కనిపించింది.

"నాయనకు చెప్తాం. డాక్టరు కాడికి పోతాం. నువ్వు మాత్రం ఎవురేం చెప్పినా సొంతంగా ఏ మాత్రా మింగొద్దు. నా మీద ఒట్టు" అన్నాను.

బిడ్డ ఒట్టు వేయలేదు. తల కూడా ఊపలేదు.

అన్నకు చెప్పింది నేనే. ఆదివారం అంగడి మూసి ఉన్నప్పుడు నంద్యాల వెళ్లి, వదిన ఎదుట చెప్పాను. అన్న కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. మంచం కోడు పట్టుకుని కూర్చుని, "ఒంట్లో ఏందో తక్కువయింటాది" అన్నాడు. పైరు ఎర్రబడితే ఏ మందు తక్కువైందో చెప్పే మనిషి ఆయన. బిడ్డనూ అలాగే చూశాడు. రక్తపరీక్షలన్నీ చేయించాడు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆ కాగితాలు చూసి ఆయన దిగులు ఇంకా పెరిగింది.

కర్నూలులో మనసు డాక్టరమ్మ దగ్గరికి నేనూ, వదినా, బిడ్డా వెళ్లాం. అన్న రాలేదు. ఆమె బిడ్డతో విడిగా చాలాసేపు మాట్లాడి, తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచింది. ఆమె దాచకుండా చెప్పినందుకు నాకు ఇప్పటికీ గౌరవం.

"ఇది పిచ్చి కాదు, దయ్యం కాదు, ఎవరో నేర్పిన బుద్ధీ కాదు. మందులతో ఈ మనసు మారేది అసలే కాదు. ఆపరేషన్ల మాట పద్దెనిమిది నిండేదాకా లేదు. ఇక ఈ వయసులో ఎదుగుదలను కొంతకాలం ఆపే మందులున్నాయి. వాటి మీద మా డాక్టర్లలోనే ఒక మాట లేదు. ఆపితే బిడ్డకు ఆలోచించుకునే సమయం దొరుకుతుందని కొందరంటారు. ఎముకలకు, రేపు పిల్లలు పుట్టడానికి ఏమవుతుందో పూర్తిగా తెలియకుండా పసివాళ్లకు ఇవ్వకూడదని కొందరంటారు. నేను ఒక్కదాన్నే తేల్చేది కాదు. హైదరాబాదులో హార్మోన్ల డాక్టరుకు రాస్తాను. తల్లీ తండ్రీ ఇద్దరూ రావాలి."

వదిన కొంగుతో మూతి నొక్కుకుని వింటోంది. బిడ్డ మొదటిసారి ఎవరూ అడగకుండా మాట్లాడింది.

"అందరూ ఆగమంటాండారు మేడం. నేను ఆగుతా. నా గొంతు ఆగదు కదా."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అది నిజమే" అంది చివరికి. "అందుకే తొందరగా రమ్మంటున్నాను."

తొందరగా వెళ్లలేదు. అన్న ఒప్పుకోలేదు. "పదహారేండ్లు నిండలేదు. వానికి ఓటు లేదు, బండి లైసెన్సు లేదు. రేపు ఇరవయ్యేండ్లకు, నాయనా నన్నెందుకు ఆపకపోతివి అని అడిగితే నేనేం చెప్పల్ల?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాలోనూ ఆ ప్రశ్నే తిరుగుతోంది. బిడ్డ కళ్లలోకి చూసినప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలనిపించేది. ఇంటికొచ్చి పడుకుంటే అన్న మాటే సబబనిపించేది.

జూన్‌లో బిడ్డను నంద్యాలలోనే ఇంటర్‌లో చేర్చారు. ఫోన్ లాగేసుకున్నారు. ఇల్లు పైకి సద్దుమణిగింది. అన్న ఆ విషయం ఎత్తడం పూర్తిగా మానేశాడు. గొడవపడే మనిషి గొడవ మానేస్తే ఊపిరి పీల్చుకోవాలి. నాకు మాత్రం భయమే పెరిగింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు అన్న ఆళ్లగడ్డకు వచ్చాడు. రోడ్డు పక్కన శిల్పుల షెడ్లలో రాళ్లు చెక్కే చప్పుడు మా ఇంటిదాకా వినిపిస్తూనే ఉంటుంది. ఆ రోజు ఆయన ఆ చప్పుడుకు కూడా ఉలిక్కిపడుతున్నాడు. కాఫీ తాగలేదు. సంచిలోంచి కాగితంలో చుట్టిన చిన్న గాజు సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు నర్సువు. బయటోళ్ల చేత ఏపించేదానికి నాకు మనసొప్పలేదు. వారానికోసారి వచ్చి వానికి ఈ సూది వెయ్యి."

"ఏం సూది అన్నా ఇది?"

"బలానికి. బీ ట్వెల్వ్."

సీసా మీది చీటీ గీకేసి ఉంది. బీ ట్వెల్వ్ ఎర్రగా ఉంటుందని నర్సింగ్‌లో చేరిన మొదటి నెల పిల్లకు కూడా తెలుసు. ఇది లేత పసుపు. వెలుతురుకు పట్టి వంచితే లోపల నూనెలా బద్ధకంగా జారింది.

"మగ హార్మోనా?"

అన్న కాదనలేదు. "ఒక పెద్ద డాక్టరు ఇచ్చినాడు. కొన్ని వారాలు ఏస్తే మగతనం ఎక్కి ఈ పిచ్చంతా దిగిపోతాదంట. శానామందికి బాగా చేసినాడంట."

"బిడ్డకు చెప్పినావా?"

"చెప్తే ఏపించుకుంటాదా?"

ఆ కంగారులో ఆయన కూడా 'ఏపించుకుంటాడా' అనకుండా 'ఏపించుకుంటాదా' అన్నాడు. ఆయన గమనించలేదు.

"అన్నా, బిడ్డ ఒళ్లు ఆపే మందు అడిగితే పసిబిడ్డకు మందులేందంటివి. వయసు లేదంటివి. మరి దీనికి వయసుండాదా? రక్తపరీక్షలో తక్కువేమీ లేదు కదా. లేని రోగానికి ఇది ఎక్కిస్తే ఏమైతాదో ఆ పెద్ద డాక్టరు చెప్పినాడా?"

"నేను నాయనను మే. నేను చేస్తే మందు, ఆ డాక్టర్లు చేస్తే విషం. అంతే."

అన్న చెడ్డవాడు కాదు. "టోల్‌గేటు కాడ చూస్తాంటాను" అన్నాడు మెల్లగా. "ఎండలో లారీల వెంట పరిగెత్తి చప్పట్లు కొట్టుకుంటా అడుక్కునేటోళ్లను. డ్రైవర్లు ఏం మాటలంటారో ఇన్నావా నువ్వు? నా బిడ్డ ఆడ నిలబడితే నేను బతికుండల్లనా?"

నేను సీసా తిరిగి ఇవ్వలేదు. ఆయన ఎదుటే సింకులో పగలగొట్టి నీళ్లు వదిలాను. అన్న లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. "సరే. వద్దులే" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ 'వద్దులే' నన్ను చాలా రోజులు నమ్మించింది.

దసరాకు నంద్యాల వెళ్లాను. బిడ్డ తలుపు తీసింది. ఎదురుగా నిలబడిన ముఖాన్ని పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టింది. బుగ్గల నిండా ఎర్రటి మొటిమలు, పెదవి మీద నల్లని నూగు, దవడ గట్టిపడింది. "రా అత్తా" అంది. ఆ గొంతు అన్న గొంతు. మా నాయన గొంతు. ఎండాకాలంలో విరిగి, వణికిన ఆ సన్నదనం ఎక్కడా లేదు.

వదిన వంటింట్లో ఉంది. నేను బిడ్డను మిద్దె మీదికి తీసుకెళ్లాను.

"ఒంట్లో ఎట్లుండాది?"

"ఏమో అత్తా. ఊరికే కోపమొస్తాది. నాయన బలానికి సూదులు ఏపిస్తాండాడు. ఒకాయన అంగడి కాడికొచ్చి ఏసిపోతాడు."

"ఎర్రగా ఉంటాదా మందు?"

"లేదు. నూనె మాదిరి. ఏసినాక శానాసేపు నొప్పి."

నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. అది చాలింది. బిడ్డ నా భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "అదేం సూది అత్తా?"

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. పండగపూట, కింద తల్లి బొబ్బట్లు చేస్తోంది, వీధిలో పిల్లలు కేకలేస్తున్నారు. కానీ రోజూ కొంచెం కొంచెంగా తన ఒళ్లు తనది కాకుండా పోతుంటే కారణం తెలియక ఆ బిడ్డ ఏమైపోతుందో నాకు తెలుసు. చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మిద్దె పిట్టగోడ మీద చేతులు పెట్టి కిందికి చూస్తూ నిలబడింది. నేను ఆ చొక్కా వెనకభాగం గట్టిగా పట్టుకున్నాను. అది తెలిసి, "దూకనులే అత్తా" అంది. కాసేపటికి ఇటు తిరిగి, "అయితే నువ్వు నాకు అవతలి సూది వెయ్యి. నాయన ఏసిందానికి ఇరుగుడు. నీ ఆసుపత్రిలో ఉంటాది కదా" అంది.

"నేను వెయ్యకూడదు బిడ్డా. డాక్టరు లేకుండా..."

"డాక్టరు లేకుండానే కదా ఆయన ఏపిచ్చింది!"

ఎలా చెప్పాలి? తండ్రికి కాదన్న చేతులతోనే బిడ్డకూ కాదన్నాను. రెండూ ఒకటి కావని నాకు తెలుసు. ఒకటి మోసం, ఇంకోటి వేడుకోలు. అయినా చేతిలో ఉన్నది అదే సిరంజి, ఎదుట ఉన్నది అదే పసి ఒళ్లు. "కర్నూలు డాక్టరమ్మ కాడికి పోతాం, రేపే పోతాం" అన్నాను.

"మీరంతా ఒకటే" అంది బిడ్డ, ఆ కొత్త గొంతుతో. కిందికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అన్నతో గొడవపడ్డాను. వదినకు అప్పటిదాకా అవి బలం సూదులే. నిజం వినగానే ఆమె చేతిలో పళ్లెం అలాగే నేల మీద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ తర్వాత అన్నతో ఒక్క మాటా మాట్లాడలేదు. అన్న సూదులు ఆపేస్తానన్నాడు. బిడ్డ మాత్రం మామూలుగా తిన్నది, మామూలుగా పుస్తకాలు సర్దుకుంది, ఉదయం నాతో కర్నూలు రానంది. "కాలేజీ ఉండాది, వచ్చే వారం పోతాంలే అత్తా" అని నవ్వింది కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆళ్లగడ్డకు తిరిగొచ్చాను, డ్యూటీ ఉంది. ప్రతి పూటా వదినకు ఫోన్ చేసి, "బిడ్డ యాడుంది?" అని అడుగుతూనే ఉన్నాను.

ఆ వారం గడవకముందే ఒకరోజు పొద్దున, డ్రెస్సింగ్ గదిలో ఉండగా వదిన ఫోన్ వచ్చింది. "కాలేజీకి పోలేదంట మే. బ్యాగులో పుస్తకాలు మంచం కింద ఉండాయి. బట్టలు లేవు." ఆమె గొంతు తేలిపోతోంది. "మీ అన్న కాలవ గట్టుకు పరిగెత్తినాడు."

కె.సి. కెనాల్ ఆ రోజుల్లో నిండుగా పారుతోంది. కానీ బట్టలు లేవన్న మాట పట్టుకున్నాను. కాలువలో దూకే మనిషి బట్టలు సర్దుకోదు. ఎక్కడికో బయలుదేరింది. ఎవరో రమ్మంటేనే బయలుదేరుతుంది. ఫోన్ లాగేసుకున్నా కాలేజీలో ఇంకో పిల్ల ఫోన్‌లోంచి ఎవరితోనో మాట్లాడుతోందని వదిన అప్పుడు ఏడుస్తూ చెప్పింది. కడప పేరు ఒకటిరెండు సార్లు విన్నదట.

నంద్యాల నుంచి కడపకు పోయే ప్రతి బస్సూ ఆళ్లగడ్డ బస్టాండులోకి వచ్చి ఆగాల్సిందే. డాక్టరుకు చెప్పి, యూనిఫాం మీదే ఆటో ఎక్కాను.

బస్టాండులో ఎండ చురుక్కుమంటోంది. ఒక బస్సు ఎక్కి అటు చివరిదాకా ముఖాలు వెతికి దిగాను. లేదు. ఇంకోటి. లేదు. కండక్టర్లు విసుక్కుంటున్నారు. జామకాయల గంపతో ఒకామె, "ఎవురమ్మా, పిల్లోడా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక, "బిడ్డ" అన్నాను.

తర్వాత వచ్చిన బస్సులో, వెనక నుంచి మూడో వరసలో, కిటికీ పక్కన కనిపించింది. టోపీ కళ్ల మీదికి లాక్కుని ఉంది. పక్క సీట్లో నలభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో చిన్న నల్ల సంచి. బిడ్డ అతనితో మాట్లాడటం లేదు, కానీ రెండు టికెట్లూ అతని వేళ్ల మధ్య ఉన్నాయి.

"దిగు బిడ్డా" అన్నాను.

బిడ్డ కిటికీ వైపు తిరిగింది. ఆ మనిషి చాలా మర్యాదగా, "ఎవరు సిస్టర్ మీరు? మా తమ్ముడండీ, ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి తీసుకెళ్తున్నా" అన్నాడు. మా వైపు మాట కాదు.

"ఏ ఆసుపత్రి? డాక్టరు పేరేంది?"

అతను నవ్వాడు. ఆ నవ్వులో తొట్రుపాటు లేదు. ఇలాంటి ప్రశ్న ఇంతకుముందు విన్నవాడిలా ఉన్నాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను బిడ్డ చెయ్యి పట్టుకుని, బస్సంతా వినబడేలా, "ఇది మా అన్న బిడ్డ! పదహారేండ్లు! ఈ మనిషెవురో మాకు తెలీదు! పోలీసులను పిలవండి!" అని అరిచాను. ముందు సీట్లలో మనుషులు లేచారు. కండక్టర్ ఇటు రావడం మొదలుపెట్టాడు. ఆ కలకలంలో ఆ మనిషి సంచి చంకలో పెట్టుకుని, వెనక తలుపు నుంచి తీరిగ్గా దిగి, నీళ్ల ట్యాంకు అవతలికి నడిచి వెళ్లిపోయాడు. పరిగెత్తలేదు. నేను బిడ్డ చెయ్యి వదిలి అతని వెంట పడలేకపోయాను.

ఆ సంచిలో ఏముందో నాకు తెలియదు. మాత్రలో, కత్తులో, ఊరికే బట్టలో. పోలీసులకు చెప్పాం. రాసుకున్నారు. దొరకలేదు.

ఇంటికొచ్చాక బిడ్డ గోడ వైపు తిరిగి పడుకుని చెప్పింది. "ఒక గది ఉండాదంట అత్తా. ఒక్క పూటలో అయిపోతాదంట. వయసు అడగరంట. ఇంగ నాయన ఏ సూది ఏసినా పనిచెయ్యదంట." నేను పక్కన కూర్చుని, వరండాలో నేను చూసిన ఆ చీరకట్టు మనిషి సంగతి చెప్పాను. ఏదీ తగ్గించకుండా చెప్పాను. బిడ్డ వీపు వణకడం మొదలైంది. ఆ వణుకు ఆగేదాకా అలాగే కూర్చున్నాను.

మధ్యాహ్నానికి అన్న, వదిన వచ్చారు. అన్న ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి బురద పట్టి ఉంది. కాలికి చెప్పులు లేవు, కాలువ గట్టున ఎక్కడో జారిపోయాయట. గుమ్మంలో నిలబడి బిడ్డను చూశాడు. లోపలికి రాలేదు.

"ఎందుకు పోతివి రా?" అన్నాడు.

బిడ్డ లేచి కూర్చుంది. "నువ్వు నాకు తెలీకుండా నా ఒళ్లు మారిస్తివి నాయనా. తెలిసి నేను మార్చుకుంటానంటే తప్పా?"

"నేను... నీ బాగు కోరి..."

"నేను ఆ మందే వద్దని ఏడుస్తాంటిని. నువ్వు అదే తెచ్చి ఎక్కిచ్చినావు."

అన్న అక్కడే గడప మీద కూలబడ్డాడు. వదిన ఆయన్ను దాటుకుని లోపలికొచ్చి, బిడ్డ తల ఒళ్లో పెట్టుకుని, అందరికీ వినిపించేలా, "ఈన ఉండే ఇంట్లో బిడ్డ ఉండదు. ఈడనే ఉంటాది" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఎదుట ఆమె ఇంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

అప్పటినుంచి బిడ్డ ఆళ్లగడ్డలో నా దగ్గరే ఉంటోంది. కర్నూలు డాక్టరమ్మ దగ్గరికి అందరం వెళ్లాం, ఈసారి అన్న కూడా. హైదరాబాదు హార్మోన్ల డాక్టరు దగ్గరికీ వెళ్లాం. చూసి, ఎదుగుదలను ఆపే దశ చాలావరకు దాటిపోయిందన్నాడు. ఎక్కించిన మందు దాన్ని ఇంకా తొందర చేసిందన్నాడు. మొటిమలు తగ్గుతాయి, కోపం తగ్గుతుంది, గొంతు మాత్రం వెనక్కు రాదన్నాడు. అన్న ఆ మాట విని బయటికి వెళ్లి కారిడార్‌లో నిలబడ్డాడు. పద్దెనిమిది నిండేదాకా ఎవరూ, ఏ వైపు మందూ ఇవ్వకూడదని, డాక్టరమ్మను నెలనెలా కలవాలని ఒప్పుకున్నాం. ఆ ఒప్పందం అందరికీ నచ్చి చేసుకున్నది కాదు. అన్నకు అది మరీ ఎక్కువ, బిడ్డకు మరీ తక్కువ. నాకేమిటో నేను చెప్పలేను.

ఏడాది దాటింది. బిడ్డ ఇప్పుడు మాట్లాడుతుంది. ఆ బొంగురు గొంతుతోనే, కావాలని గట్టిగా మాట్లాడుతుంది. జుట్టు పెంచుకుంది. కాలేజీ దగ్గర కొందరు కుర్రాళ్లు వెనక నుంచి చప్పట్లు కొడతారు. ఒకసారి మా గేటు మీద ఎవరో తారుతో ఒక మాట రాశారు. మా ఆయన బేతంచెర్ల నుంచి వచ్చి రాయి పెట్టి గీకాడు, పోలేదు, పైన రంగు పూశాం. ఎండ పడితే రంగు కింద ఆ అక్షరాలు ఇంకా తెలుస్తాయి. తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తాయి. ఎత్తితే అవతల ఊపిరి తప్ప ఏమీ వినపడదు. బస్టాండు మీదుగా వెళ్లినప్పుడు నేను ఇప్పటికీ ఇస్త్రీ చొక్కాల వైపు చూస్తాను.

అన్న ఆదివారాలు వస్తాడు. మహానంది అరటిపళ్లు తెచ్చి బల్ల మీద పెడతాడు. బిడ్డను 'రా' అని పిలవడం మానేశాడు, 'మ్మా' అని పిలవలేదు. ఏ పిలుపూ లేకుండా, "తిన్నావా?" అంటాడు. బిడ్డ, "తింటి" అంటుంది. ఆ పూటకు వాళ్లిద్దరి మధ్య మాట అంతే.

పోయిన వారం బట్టలు మడుస్తుంటే బిడ్డ అడిగింది.

"అత్తా, ఇంగ కొన్ని నెలలే కదా. పద్దెనిమిది వస్తే నేను మందు మొదలుపెట్టుకుంటా. అప్పుడు కూడా ఆగమంటావా?"

"నువ్వే ఆగుతావేమో, ఎవురికి తెలుసు?"

"ఆగను. నేనడిగింది నువ్వేమంటావని."

నా చెవిలో అన్న అప్పటి మాట మోగింది. రేపు ఇరవయ్యేళ్లకు నన్నెందుకు ఆపకపోతివని అడిగితే? ఇవతల బిడ్డ నా వైపే చూస్తోంది. వరండాలో నా మణికట్టు పట్టుకున్న చెయ్యి కూడా ఎక్కడో ఉంది. పద్దెనిమిదో ఏడు ఒక గీత మాత్రమే. దాని అవతల వీధి ఇదే, గేటు ఇదే, ఆ ఫోన్లు ఇవే. ఆ గీత దాటగానే భయం తీరిపోతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

"ఆగమనను" అన్నాను. "కానీ ఏ సూదైనా డాక్టరు రాసినాకనే. నాకు తెలీకుండా ఏ గదికీ పోవద్దు."

ఈసారి తల ఊపింది. నేను మడిచిన చీర తీసుకుని బీరువాలో పెట్టడానికి లోపలికి వెళ్లింది. గేటు బయట బండి ఏదో వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు, హారన్ కొట్టలేదు. నేను కిటికీ దగ్గరికి వెళ్లేసరికి ముందుకు కదిలి, శిల్పుల షెడ్ల వైపు తిరిగి వెళ్లిపోయింది.